పొదిగెడు విద్య

కోడి గ్రుడ్లపై కూర్చుండుట చూచువారికి అది పనిలేక కూర్చున్నట్లే తోచును. కన్నులు సగము మూసి, రెక్కలు వదలుగా దించి, గడ్డి పరచిన గంపలో 21 దినములు కదలక మెదలక గడుపు ఆ పక్షి నిజమునకు ఏమరుపాటు లేక పలు పనులు నిర్వహించుచుండును. రొమ్ముక్రింద ఈకలు రాలిన చోట వెచ్చని చర్మమును గ్రుడ్లకు ఆనించి, ఫారన్‌హీటు మానమున రమారమి 100 డిగ్రీల వేడిమిని వానికి అందించుచుండును. లోని పిండము పొరకు అంటుకొనిపోకుండ దినమునకు పలుమార్లు గ్రుడ్లను ముక్కుతో దొరలించుచుండును. పెంకునందలి సూక్ష్మరంధ్రముల గుండ తేమ మితిమీరి యారిపోకుండ గూటిని కప్పియుంచును. మేతకై లేచిన కొద్దిసేపటిలో క్రొత్తగాలి సోకనిచ్చును. వేడిమి నాలుగైదు డిగ్రీలు హెచ్చి కొన్ని గంటలు నిలిచెనా, పిండము నశించును. తగ్గి యుండెనా, పిల్ల ఆలసించి, బలహీనమై వెలువడును. కావున గ్రుడ్లు పొదుగుటలో వేడిని పుట్టించుట సులభము, దానిని కొలిచి నిలుపుట దుర్ఘటము. కోడిని తప్పించి తానే యీ పనికి పూనుకొనిన మానవుని చరిత్ర యంతయు ఆ కొలతను వెదకిన చరిత్రయే.

మన పల్లెటిండ్లలో ఈ కొలతను కోడికే వదలిపెట్టుట అనాదిగా వచ్చుచున్న యాచారము. నాటుకోడి పది పండ్రెండు గ్రుడ్లు పెట్టి, ఇక పెట్టుట మాని, గూడు విడువక, ఈకలు ఉబ్బించి గుర్రుమనుచు, చేయి చాచినవారిని పొడువ వచ్చుచుండగా, ఇల్లాలు అది పొదుగుకు వచ్చినదని యెరిగి, చీకటిమూల నొక గంపలో ఇసుకయో ఊకయో పోసి, పైని గడ్డి పరచి, పేలు పట్టకుండ పిడికెడు బూడిద చల్లి, సందెవేళ దానిని గ్రుడ్లపై కూర్చుండబెట్టును. ఉరుములకు గ్రుడ్లు మురిగిపోవునని కొన్ని పల్లెలలో గంపయందు బొగ్గుముక్కయు ఇనుపమేకును ఉంచుదురు. పిల్లలు వలదు, గ్రుడ్లే కావలెననుకొన్న యిల్లాలు అదే కోడిని నీళ్ళలో ముంచి తీసి, పొదుగుడు యావను విడిపించును. ఈ పద్ధతికి ఖర్చు లేదు, కాని మేర కలదు. కోడికి బుద్ధి పుట్టినప్పుడే పొదుగు. దాని రెక్కలక్రింద పట్టునన్నియే గ్రుడ్లు. అది పొదుగు 21 దినములును, పిల్లలను వెంట త్రిప్పుకొను వారములును దానినుండి గ్రుడ్డు రాదు. నగరములు పెరిగి, వానికి కోళ్ళు వేలకొలది కావలసి వచ్చిన దేశమునకు ఈ మేర చాలదు. అట్టి దేశములలో మొదట పేర్కొనదగినది ఈజిప్టు.

క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథమున, ఈజిప్టువారు గ్రుడ్లను పెంటకుప్పలలో పూడ్చి పిల్లలు చేయింతురని వ్రాసెను. దానితోడనే అతడు సిరక్యూసు పట్టణపు త్రాగుబోతు నొకనిని గూర్చి ఒక వింత చెప్పెను: వాడు గ్రుడ్లను చాపక్రింద నేలలో నుంచి, వానినుండి పిల్లలు వెలువడు దాక విరామము లేక త్రాగుచు కూర్చుండెడివాడట. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమున గ్రీకు చరిత్రకారుడు డయొడోరసు, ఈజిప్టు కోళ్ళకాపరులు పక్షుల సాయము లేకయే తమ నేర్పుచేత లెక్కకు మిక్కిలిగా పిల్లలను పుట్టించుచున్నారని ఆశ్చర్యపడెను. రోమునందు మాత్రము ఇది వ్యాపారముగాక శకునమైనది. గర్భవతియైన లివియా, తనకు మగశిశువు కలుగునో లేదో తెలిసికొనగోరి, పొదుగుకోడి క్రిందినుండి ఒక గ్రుడ్డు తీసి, తానును దాసీలును వంతులవారీగ చేతులలో వెచ్చజేయగా, చక్కని తురాయి గల కోడిపుంజు వెలువడెనని చరిత్రకారుడు సూటోనియసు చెప్పును. ఆమె కుమారుడే పిదప చక్రవర్తియైన టైబీరియసు. ఒక్క గ్రుడ్డుకు అంతఃపుర పరిచారిక లందరు కావలసివచ్చిన రోమునకును, వేల గ్రుడ్లను ఇద్దరు ముగ్గురు పనివారు పొదిగించు ఈజిప్టునకును గల అంతరము ఇట్టిది.

క్రీ.శ. 1200 ప్రాంతమున ఈజిప్టును దర్శించిన బాగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్, అచ్చట తల్లికోడి క్రింద పిల్లలు చేయుట అరుదనియు, అది ప్రత్యేక వృత్తిగా స్థిరపడినదనియు చెప్పి, పొదుగుటింటి నిర్మాణమును సవిస్తరముగ వర్ణించెను. ఆరు శతాబ్దములు గడచిన తరువాత, 1836లో ప్రకటింపబడిన ఆంగ్ల రచయిత ఎడ్వర్డు లేన్ ఈజిప్టు గ్రంథమునందును రమారమి అదే కట్టడము కానవచ్చును. పచ్చి యిటుకలతో కట్టిన గుడిసెవంటి భవనము. నడుమ కమానుతో కప్పిన సన్నని నడవ. ఇరువైపుల వరుసగా చిన్న చిన్న గదులు. ప్రతి గదియు తొమ్మిది పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, ఐదారు అడుగుల యెత్తు. దానిపై అంతే వైశాల్యము గల మరియొక గది. క్రిందిగదిలో గడ్డిపై మూడు వరుసలుగా గ్రుడ్లు పేర్తురు. పైగదిలో నిప్పు పెట్టుదురు. మనిషి ప్రాకి దూరగల రంధ్రము నొక్కొక్క గదికి విడుతురు. ఇట్టి గదులు పండ్రెండు మొదలు ఇరువదినాలుగు దాక గల ఒక్కొక్క పొదుగుటింట ఒక ఋతువునందు లక్షన్నర గ్రుడ్లు పట్టుచుండెను.

ఆ నిప్పు మంట గాదు. పేడను తరిగిన గడ్డితో కలిపి బిళ్ళలుగా తట్టి ఎండబెట్టిన పిడకల నిప్పు. పిడకల దాలిపై మధ్యాహ్నమంతయు పాలు కాచి ఎర్రని మీగడ తీసిన తెలుగువారికి ఆ నిప్పు గుణము చెప్పనక్కరలేదు: ఎగయదు, ఆరదు, గంటల తరబడి ఒకే తీరుగ రాజుచుండును. కట్టెలు కరవైన నైలునదీ తీరమున పిడక పేదవాని వంటచెరకు. దాని యా మందగుణమే పొదుగుటకు వరమైనది. అంతకంటె నేర్పు ఇంకొకటి కలదు. పనివారు మొదట గదులలో సగము మాత్రమే నింపి, వానిపై నిప్పు పెట్టుదురు. ఎనిమిది పది దినములు గడచిన పిదప మిగిలిన గదులను నింపి వానిపై నిప్పు రగిల్చి, మొదటి గదులపై నిప్పు నార్పి, అచ్చటి గ్రుడ్లలో కొన్నింటిని బూడిద తీసిన పైగదికి ఎక్కింతురు. పొదుగు కాలపు రెండవ సగమున పిండము తానే వేడిని పుట్టించును. అప్పటినుండి దానికి నిప్పుకంటె గాలియు, ఎడమును ముఖ్యము. పిండశాస్త్రము పుట్టక పూర్వమే యీ రహస్యమును ఆ నిరక్షరాస్యులు అనుభవముచే గ్రహించి, దానిని కట్టడముగ మలచిరి.

వేడి సరిగా నున్నదా లేదా యని వారు తెలిసికొను సాధనము మరియు విచిత్రమైనది. పనివాడు వరుసలోనుండి ఒక గ్రుడ్డు తీసి తన కనురెప్పకు ఆనించును. దేహమున అంత పలుచని చర్మము వేరొకచోట లేదు. రెప్పకు హాయిగా నున్న సరి, చురుక్కుమన్న నడవ తలుపు కొంచెము తెరచి, పొగగూడు విడిచి, గ్రుడ్లను దొరలించును. చల్లగా దోచిన నాలుగు పిడకలు చేర్చును. ఆ రెప్ప తప్పినచో వేల ప్రాణములు పోవును. అది గ్రంథములవలన వచ్చు విద్య గాదు, చిన్ననాటినుండి తండ్రి వెంట ఆ చీకటి నడవలో పండుకొని నేర్చునది. నైలునది డెల్టాలోని బర్మా యను గ్రామమువారు ఈ విద్యకు పుట్టినిల్లుగ ప్రసిద్ధులు. పొదుగు ఋతువు రాగానే వారు దేశమంతట వ్యాపించి పొదుగుటిండ్లు నడిపి, పని ముగియగానే స్వగ్రామము చేరుకొనుచుండిరి. విద్యను పరులకు చెప్పుట వారిలో నిషిద్ధము.

ఒడంబడిక కూడ సొగసైనది. పద్దెనిమిదవ శతాబ్దమున యూరోపీయులు వ్రాసినట్లు, పొదుగువాడు తనకిచ్చిన గ్రుడ్లలో మూడింట రెండువంతుల పిల్లలను యజమానికి అప్పగింపవలెను. అంతకు మించి పుట్టినవి వాని సొత్తు. లేన్ కాలమునకు ఇరుగుపొరుగు రైతులు గ్రుడ్లు తెచ్చియిచ్చి, రెండు గ్రుడ్లకొక పిల్ల చొప్పున తీసికొనిపోవుచుండిరి. అతడిచ్చిన ప్రభుత్వపు లెక్కలనుబట్టి 1830-31లో దిగువ ఈజిప్టున 105, ఎగువ ఈజిప్టున 59 పొదుగుటిండ్లుండెను. వానిలో పెట్టిన గ్రుడ్లు మొత్తము 2,62,04,500. వెలువడిన పిల్లలు 1,74,18,973. అనగా నూటికి అరువదియారు. మూడింట రెండువంతులన్న పాత యొడంబడిక ఎంతటి అనుభవముపై నిలిచినదో ఈ లెక్కయే చెప్పును.

ఈ వింతను చూచిన యూరపు ప్రభువులు దానిని తమ దేశమునకు తెచ్చుకొన ప్రయత్నింపకపోలేదు. టస్కనీ ప్రభువొకడు ఈజిప్టునుండి పనివానినే రప్పించెను. కాని వసంతము పొడిగను, రాత్రులు వెచ్చగను ఉండు నైలుతీరము వేరు, మంచు కురియు యూరపు వేరు. వాతావరణమే సగము పని చేసిపెట్టు చోట రెప్ప చాలును. అది సాయపడని చోట రెప్పకు బదులు యంత్రము కావలెను. పదునేడవ శతాబ్దారంభమున ఇంగ్లండు రాజాశ్రయము పొందిన డచ్చివాడు కొర్నేలియసు డ్రెబ్బెల్, వేడిమికి పాదరసము ఉబ్బి కడ్డీని లేపగా పొయ్యి గాలిద్వారము మూసికొనునట్లును, చల్లబడగా తెరచుకొనునట్లును ఒక ఉపాయము పన్నెను. తన వేడిని తానే దిద్దుకొను పొయ్యి లోకమున మొదట పుట్టినవానిలో ఇది యొకటి; దానితో అతడు చేయదలచిన పనులలో కోడిగ్రుడ్లు పొదిగించుటయు నొకటి.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రేయోమ్యూరు 1749లో ఈ విషయమై రెండు సంపుటముల గ్రంథము ప్రకటించెను. తన పేరిట ఉష్ణమాపకము గలవాడగుటచేత, బర్మావారి కనురెప్పకు బదులు దానిని నిలిపి, తన మానమున 32 డిగ్రీలు కోడివేడిమి యని నిర్ణయించెను. అది సెంటీగ్రేడు మానమున 40. ఈజిప్టు పిడకలు దొరకని ప్యారిసులో అతడు పులియుచున్న గుర్రపులద్దెను ఆశ్రయించి, పీపాలను ఆ కుప్పలో పూడ్చి, లోపల బుట్టలలో గ్రుడ్లు వ్రేలాడగట్టెను. వేడి చాలినను పిల్లలు రాలేదు. లద్దెనుండి లేచు ఆవిరి పీపాలో చేరి గ్రుడ్లను చెరచుచున్నదని గుర్తించి, ఆ యావిరి లోనికి దూరకుండ పీపాలను కట్టుదిట్టము చేసిన పిదప అతనికి జయము కలిగెను. తేమయు గాలియు వేడిమితో సమానముగ గణింపదగినవని యూరపు నేర్చినది ఇచ్చటనే. ఉష్ణమాపకము కొనలేని రైతులకై ఆ మహనీయుడు చెప్పిన చిట్కా ముచ్చటైనది: వెన్నను, పశువుల కొవ్వును కలిపి కరిగించి చిన్న సీసాలో పోసి గ్రుడ్ల నడుమ నుంచవలెను, సీసా వంచినపుడు అది చిక్కని పాకమువలె జారిన వేడి సరి, నీళ్ళవలె పారిన ఎక్కువ, గడ్డకట్టిన తక్కువ.

రేయోమ్యూరు తరువాతి నూరు సంవత్సరములు యంత్రకారులవి. ప్యారిసున బోన్‌మాఁ 1777లో వేడినీటి గొట్టములతో పొదుగుటిల్లు వెచ్చజేసి, రెండు లోహములు వేడికి వేర్వేరుగ సాగు గుణముచే నిప్పును నియమించెను. లండను నగరమున 1839లో విలియం బక్‌నెల్ అనునాతడు పొదుగుయంత్రమును ప్రదర్శనకు పెట్టగా, జనులు రుసుము చెల్లించి, గ్రుడ్డు చిట్లి పిల్ల వెలువడుట చూడబోయిరి. 1881లో చార్లెసు హెర్సన్ కల్పించిన సాధనము ఇంటింటికి తగినది. రెండు పలుచని లోహపు రేకుల నడుమ కావలసిన వేడికి సరిగా ఆవిరియగు ద్రవమును మూయగా, ఆ వేడి రాగానే బిళ్ళ ఉబ్బి, తులాదండమును నెట్టి, కిరసనాయిలు దీపముమీది మూతను లేపును. అధికమైన వేడి వెలుపలికి పోవును. ఇక రాత్రి మేలుకొనుట తప్పినది. బర్మావాని రెప్పలోని తెలివి నాణెమంత బిళ్ళలోనికి వచ్చి చేరినది.

ఈ యంత్రము మనుష్యశిశువునకు కూడ అక్కరకు వచ్చుట మరువరాని సంగతి. ప్యారిసు ప్రసూతి వైద్యుడు స్టెఫాన్ టార్నియే 1878లో అచ్చటి జంతుప్రదర్శనశాలలో కోడిపిల్లల వెచ్చనిపెట్టెలను చూచి, నెలలు నిండక పుట్టి చలిచే చనిపోవు పసికందులను అట్లే కాపాడరాదాయని తలచి, ఆ వెచ్చనిపెట్టెలను చేసిన మార్తాఁ అను పనివానిచేతనే పెట్టె చేయించి, 1880 ప్రాంతమున తన ఆసుపత్రిలో నెలకొల్పెను. నేడు ప్రతి పెద్దాసుపత్రిలోను గల ఆ గాజుపెట్టెకు కోడిగ్రుడ్లపెట్టెయే తల్లి.

అటుపై వ్యవహారము అమెరికాకు సాగినది. కాలిఫోర్నియాలోని పెటలూమా పట్టణమున లైమన్ బైస్ 1879 మొదలు చేసి అమ్మిన యంత్రములచేత ఆ ప్రాంతము గ్రుడ్ల వ్యాపారమునకు రాజధానియైనది. వెలువడుటకు ముందు పిల్ల తన పొట్టలోనికి పచ్చసొనను పీల్చుకొనును గనుక, రెండు మూడు దినములు మేత నీరు లేకయే బ్రతుకగలదు. ఈ ప్రకృతివిశేషమును ఆధారము చేసికొని 1918లో అమెరికా తపాలాశాఖ దినము వయసు పిల్లలను పార్సెళ్ళలో పంపుటకు అనుమతించెను. విద్యుచ్ఛక్తి వచ్చి, పంకా గాలిని త్రిప్పుటతో ఒక్కొక్క యంత్రమున వేలకు వేలు పట్టినవి. జపానీయులు మసూయి, హషిమోటో దినము వయసుననే పెట్టపుంజులను వేరుచేయు పద్ధతిని 1920లలో కనుగొనిరి. అంతటితో గ్రుడ్లజాతి పుంజుకు విలువ లేకపోయి, పుట్టిన దినముననే దానిని చంపుట పరిశ్రమకు మామూలైనది. తల్లికోడి వెంట తిరిగిన పుంజుపిల్ల కూరకో, జాతరకో, బరికో పనికివచ్చెడిది. దానిని పుట్టుకతోడనే వ్యర్థపదార్థముగ నెంచుట ఈ విద్య తెచ్చిన పెద్ద కళంకము.

తెలుగుదేశమున ఈ పరిశ్రమ వేళ్ళూనినది ఆలస్యముగనే యైనను, వ్యాపించిన వేగము అసాధారణము. బి. వి. రావు 1971లో నెలకొల్పిన వెంకటేశ్వర హ్యాచరీస్ భారత కోళ్ళ పరిశ్రమకు పెద్ద దిక్కైనది. గ్రుడ్లధరను దళారుల చేతినుండి తప్పించి రైతులే నిర్ణయించుకొనుటకై 1982లో జాతీయ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పడుటకును ఆయనయే కారకుడు. గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ నేడు దేశమున అగ్రస్థానమున నున్నది. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనసంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ జాతులను రూపొందించి పల్లెలకు పంచినది.

ఈ నడుమ యంత్రము మరల ఇంటికి వచ్చినది. థర్మోకోల్ పెట్టె, ఒక బల్బు, చిన్న పంకా, అంగడిలో దొరకు ఉష్ణనియామకము, నీళ్ళగిన్నె: ఇవి యున్న ఎవరైనను గ్రుడ్లు పొదిగింపవచ్చును. కాని పెట్టె తెచ్చుకొన్నవాడు పాత పాఠములన్నియు మరల చదువవలసినదే. గ్రుడ్డున కొకవైపు సున్నయు, రెండవవైపు అడ్డగీట్లును పెన్సిలుతో వ్రాసి, దినమునకు మూడుమార్లో అయిదుమార్లో త్రిప్పవలెను. బేసిలెక్క యైనచో సుదీర్ఘమైన రాత్రి వరుసగా ఒకే వైపున పడదు. ఏడవనాటి రాత్రి దీపమున కడ్డముగ పట్టి చూడగా, నల్లని చుక్కనుండి సాలెపురుగు కాళ్ళవలె ఎర్రని నరములు వ్యాపించి యున్న ప్రాణము కలదు. వెలుగు నిరాటంకముగ వచ్చిన పుంజు కలియని గ్రుడ్డు. 18వ దినమున త్రిప్పుట మాని, తేమ పెంచి, మూత తీయక యుండవలెను. పిల్ల పెంకును పొడిచిన తరువాత వెలికి వచ్చుటకు ఒక్కొక్కప్పుడు దినమంతయు పట్టును. ఆ ఆలస్యము చూడలేక జాలిపడి పెంకు వలిచినవాడు దాని నెత్తురు చిందించును, ఏలయన లోపొరలోని రక్తము అప్పటికింకను పిల్లలోనికి చేరలేదు. కరెంటు పోయినప్పుడు పెట్టెపై దుప్పటి కప్పి కూర్చుండుటయు తప్పదు.

ఇంతవరకు లాభమే. నష్టము గమనింపదగినది వేరొకటి కలదు. కోడి పొదిగిన కాలమున, బాగుగ పొదిగి పిల్లలను సాకగల తల్లి సంతానమే మిగులుచుండెను. సగములో లేచిపోవు కోడి వంశము తనంత తానే అంతరించుచుండెను. యంత్రము ఈ భేదమును ఎరుగదు. పొదిగెడు కోడి గ్రుడ్డును, పొదుగని కోడి గ్రుడ్డును దానికి సమానమే. పైపెచ్చు పొదుగుకు రాని కోడి ఏడాదిలో ఎక్కువ గ్రుడ్లు పెట్టును గనుక, దాని గ్రుడ్లే యంత్రమున అధికముగ చేరును. తెల్ల లెగ్‌హారన్ జాతిలో పొదుగు స్వభావము అట్లే తొలగింపబడినది. యంత్రములు ఆగినచో ఆ జాతియు ఆగిపోవును. ఈజిప్టు దేశవాళీయైన ఫయ్యూమి కోడి పొదుగుకు వచ్చుట అరుదగుటకు, వేల యేండ్ల పొదుగుటిండ్లు కొంత కారణమైయుండునని ఊహించుట తప్పు గాదు.

మన నాటుకోడికిని, అసీలు జాతికోడికిని పొదుగు విద్య యింకను పోలేదు. ఇంట పెట్టె కొనుక్కొన్న రైతు ఆ పెట్టెను కోడికి పోటీగా పెట్టక తోడుగా పెట్టుకొనుట వివేకము. పొదుగుకు వచ్చిన ప్రతి కోడిని నీళ్ళలో ముంచి గ్రుడ్లన్నిటిని యంత్రమునకు అప్పగించుచు పోయినచో, ఏ పెట్ట మంచి తల్లియో తెలిసికొను దారియే మూసికొనిపోవును. మందలో నిలకడగ కూర్చుండి, పదింట తొమ్మిది పిల్లలను దింపగల పెట్టను గుర్తుపెట్టుకొని, ఏడాదికి ఒక్కసారియైనను దానిచేతనే పొదిగించి, పెంపకమునకు నిలుపు పెట్టలను ఆ పిల్లలనుండియే యేరుకొనవలెను. కరెంటు దీగ రాకపూర్వము ఆ పని చేసినది ఆ కోడియే. తీగ తెగిన నాడు చేయవలసినదియు అదియే.